కూటస్థుడు, కూటసాక్షి

వేదాంతంలో పరమగంభీరమైన ‘సాక్షి’ శబ్దమే న్యాయసభలో అడుగుపెట్టగానే భయం పుట్టిస్తుంది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, ఒక ఔషధ కర్మాగారపు ప్రయోగశాలలో 26 సంవత్సరాలుగా ఉద్యోగం చేస్తున్న ఒక గృహస్థుని జీవితంలో ఈ రెండర్థాలూ చాలాకాలం ఎదురుపడలేదు. ప్రాతఃకాలంలో ధర్మపత్నితో కలిసి గీతాభాష్యం చదువుకునేవాడు. అనంతరం కర్మాగారానికి వెళ్లి, వ్యర్థజలాలు మోసుకుపోయే ట్యాంకర్ల నమూనా పుస్తకంలో ‘సాక్షి’ అన్న గడిలో సంతకం చేసేవాడు. సీసాలోని నీరు ట్యాంకరులోనిది కాదని, వేరే తొట్టిలోనుంచి పట్టినదని ఆయనకు తెలుసు. సీసా ఆయన నింపలేదు. అంకెలు ఆయన వేయలేదు. చూశాడు, అంతే.

ఒకనాటి ఉదయం పాఠం మధ్యలో ‘అకర్త’ అనే పదం వచ్చినప్పుడు ఈ సంగతి ఆయన నోటివెంట బయటపడింది. “నేను కర్తను కాను, సాక్షిని మాత్రమే” అన్నాడు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు బోధించే ఆ ఇల్లాలు అప్పుడు వాదానికి దిగలేదు. కార్తికంలో రెండు రోజులు సెలవు పెట్టమని, మంజీర వెంట కారులో తిరిగివద్దామని మాత్రం కోరింది.

పటాన్‌చెరు నుంచి పడమరగా సాగే 65వ జాతీయ రహదారిపై ఇస్నాపూర్, రుద్రారం దాటేవరకు గోదాములూ పొగగొట్టాలే. 1970వ దశకంలో ఇక్కడ పరిశ్రమలు వెలసిన తరువాత నక్కవాగు పరీవాహకంలోని చెరువులు, బావులు చెడిపోయాయి. ఆ గోడు 1990లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2007లో వెలువడిన ఒక స్వీడన్ శాస్త్రజ్ఞుల అధ్యయనం, ఇక్కడి సామూహిక శుద్ధికేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని తేల్చింది. జ్వరానికి మాత్ర వేసుకున్న రోగి రక్తంలోకంటే వాగునీటి దారిలోనే ఔషధం అధికంగా ఉన్నదన్నమాట! ఆ అధ్యయనం ఆయన ప్రయోగశాలలో అందరూ చదివినదే. భోజన విరామంలో చర్చించినదే.

సంగారెడ్డి దాటి మొదట కొండాపురం వెళ్లారు. 1940–42 మధ్య నిజాం పురావస్తుశాఖ ఇక్కడి దిబ్బను తవ్వినప్పుడు శాతవాహనుల నాటి ఇటుక కట్టడాలు, మట్టిబొమ్మలు, వేలకొద్దీ నాణేలు బయటపడ్డాయి. ఎండకు వెలిసిన పునాదుల మధ్య కంచెచెట్లు, మేకల అడుగులు తప్ప నేడు పెద్దగా ఏమీ లేవు. శిథిలాలను చూడగానే అనిత్యత గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం మనవారికి పరిపాటి. ఆయనా చెప్పాడు. మ్యూజియంలో సీసపు నాణేల ముందు నిలిచిన ఆమె మాత్రం వేరే ప్రశ్న వేసింది: “ఖోటా నాణేన్ని సంస్కృతంలో ఏమంటారు?” కూటం అంటారని ఆయనకు తెలుసు. ఆ ప్రశ్న ఎటు నడుస్తున్నదో తెలియలేదు.

అక్కడినుంచి ఝరాసంగం. దారిపొడవునా ఎర్రనేలలు, చెరకుతోటలు, పసుపుపూత పట్టిన కందిచేలు. కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయం వెనుక అమృతగుండం. ఆ నీటితో ఒక రాజుకు చర్మవ్యాధి నయమైందని స్థలపురాణం. ఈ క్షేత్రపు విశేషం మొగలిపువ్వు. జ్యోతిర్లింగపు అగ్రభాగాన్ని చూశానని బ్రహ్మ పలికిన అసత్యానికి సాక్ష్యం చెప్పి, శివపూజకు అనర్హమైన పువ్వు అది. సర్వత్ర నిషిద్ధమైన ఆ పువ్వునే ఇక్కడ స్వామి స్వీకరిస్తాడు. భక్తులు దీన్ని కరుణగా చెప్పుకుంటారు. అయితే ఆ పువ్వుకు క్షమాపణ దొరికినది అబద్ధం బట్టబయలైన తరువాతనే అన్న సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోరు.

గుండం మెట్లమీద కూర్చున్నప్పుడు ఆమె కొండాపురం ప్రశ్నను మళ్లీ ఎత్తింది. గీత 12వ అధ్యాయం 3వ శ్లోకంలోని ‘కూటస్థ’ పదానికి శంకరులు భాష్యం చెబుతూ, పైకి గుణవంతంగా కనిపిస్తూ లోపల దోషం దాచుకున్న వస్తువు కూటమని, లోకంలో కూటరూపం, కూటసాక్ష్యం అనే వాడుకలు అందుకే ప్రసిద్ధమని వివరించారు. మాయ అట్టి కూటం. దానికి అధ్యక్షుడై నిలిచినవాడు కూటస్థుడు. “ఇన్నేళ్లుగా మీరు కూటస్థుడి గురించి చదువుతున్నారు. పక్కనే ఉన్న కూటసాక్షిని దాటేశారు” అన్నదామె.

ఆయన ప్రతివాదం శాస్త్రీయమైనదే. ఆత్మ అసంగం, క్రియలన్నీ ప్రకృతివి. పంచదశిలోని నాటకదీపం సభాపతినీ నర్తకినీ సమానంగా వెలిగిస్తుంది, ఎవరి పక్షమూ వహించదు.

“దీపం దేన్నీ మరుగుపరచదు కదండీ! మీ సంతకం మరుగుపరిచింది. జీతం తీసుకునేటప్పుడు భోక్త, సంతకం చేసేటప్పుడు సాక్షి ఎట్లా అవుతారు?”

ద్రౌపది ప్రశ్నకు సభ మౌనం వహించినప్పుడు విదురుడు చెప్పినది కూడా ఇదే: ధర్మం తెలిసి సభలో ఉండి బదులు పలకనివాడికి అసత్యఫలంలో సగం చెందుతుంది. సగమే! అనృతం పలికినవాడి వాటా వేరు. భీష్మద్రోణుల మౌనంలో వేదాంతం లోపించిందని ఎవరూ అనలేదు.

ఆ రాత్రి జహీరాబాద్‌లో బస. ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. పిల్లవాడి చదువు మూడేళ్లు మిగిలి ఉన్నది, ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ఆమె అవి మరచిపోలేదు.

మరునాడు జోగిపేట మీదుగా ఏడుపాయలకు చేరారు. మంజీర ఇక్కడ ఏడు పాయలై, జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతముల పేర్లు మోసుకుంటూ బండల మధ్య చీలిపోతుంది. జనమేజయుడు సర్పయాగం చేసినది ఇక్కడేనని ప్రతీతి. ఎగువన 1905 నాటి ఘనపురం ఆనకట్ట మీదినుంచి నీరు తెల్లని తెరలా జారుతున్నది. వానాకాలపు వరదలో వనదుర్గ ఆలయమే మునిగిపోతుంది. అప్పుడు ఉత్సవమూర్తికి రాజగోపురంలో పూజలు. చెప్పులు చేతబట్టి, నునుపుబండల మీద ఒకరికొకరు చేయి ఆసరాగా ఇద్దరూ పాయ వెంట చాలాదూరం నడిచారు. తుంపర మొహాన పడుతుంటే ఆయన చాలాకాలానికి నవ్వాడు.

ఒక పాయ ఒడ్డున ఒక తల్లి పసివాడికి స్నానం చేయించి, దోసిట నీరు తీసి వాడి నోట తీర్థంగా పోసింది. ఆయన చేయి తనంతట తానే ముందుకు సాగింది, మాట రాలేదు. హైదరాబాదుకు తాగునీరిచ్చే మంజీర బ్యారేజీకి దిగువన నక్కవాగు వచ్చి నదిలో కలుస్తుంది. ఏడుపాయలు అంతకంటే దిగువన. కార్తికపు ప్రవాహంలో ఏదైనా పలుచబడుతుందని ఆయనలోని రసాయనవేత్త వెంటనే లెక్కకట్టాడు. వేసవిలో ఎంత అన్న లెక్క దగ్గర ఆగిపోయాడు. ఆ లెక్కకు కావలసిన అంకెలు తాను సంతకం చేసిన పుస్తకంలో ఉండాలి. అవి అక్కడ లేవు.

తల్లీబిడ్డలు మెట్లెక్కి వెళ్లిపోయారు. ఆయన తడిబండ మీద కూర్చుని, భార్య సంచిలోని నోటుపుస్తకం తీయమన్నాడు. ఆమె చివరి పుట తెరిచి, కలం మూత తీసింది.

“ముందు తేదీ రాయి” అన్నాడు. “తరువాత ట్యాంకరు నంబరు.”

నంబర్లన్నీ ఆయనకు కంఠస్థంగా ఉన్నాయి.