పిన్ని మాత్ర ఏం చేస్తుంది?

మా పిన్నికి ఊపిరితిత్తుల కేన్సర్ అని తెలిశాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే: "బాబాయికి సిగరెట్ అలవాటుందా?" లేదు. ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అయినా అడిగిన ప్రతిసారీ బాబాయి మొహం మాడిపోయేది.

అసలు సంగతి బయాప్సీ ముక్క మీద చేసిన జీన్ టెస్టులో బయటపడింది. ఏఎల్‌కే పాజిటివ్. అంటే ఈఎంఎల్4, ఏఎల్‌కే అనే రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుపోయాయన్నమాట. జపాన్‌లో హిరోయుకి మానో బృందం 2007లో దీన్ని కనిపెట్టింది. ఊపిరితిత్తుల కేన్సర్లలో నూటికి మూడు నుంచి ఐదు ఇలాంటివే. సిగరెట్ ముట్టనివాళ్ళలో, చిన్న వయసువాళ్ళలోనే ఇది ఎక్కువట.

తర్వాత చదివింది మాత్రం నాకు వంటింటి భాషలోనే అర్థమైంది. పోపు పెట్టిన చారు చూడండి. నూనె అందులో కలవదు, చుక్కలుగా తేలుతుంది. చుట్టూ గోడేమీ లేదు, అయినా వేరుగానే ఉంటుంది. మన కణాల్లో కూడా కొన్ని ప్రోటీన్లు ఇలాగే విడిగా గుంపు కడతాయి. దీన్నే ఫేజ్ సెపరేషన్ అంటారు. మామూలుగా అది మంచికే. మామూలు ఏఎల్‌కే కణం పైపొరలో ఉండి, బయటినుంచి కబురొస్తేనే కదులుతుంది. ఈ అతుకుల ప్రోటీన్ అలా కాదు. కణం లోపల ముద్దలు కట్టి, ఎవరూ చెప్పకుండానే "పెరుగు, పెరుగు" అని కబుర్లు పంపుతూనే ఉంటుంది. ఆ ముద్ద కట్టకుండా చేస్తే కబురు కూడా తగ్గిందని శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 2021లో చూపించారు.

పిన్ని వేసుకునే మాత్ర ఏఎల్‌కే భాగానికి అతుక్కుని ఆ కబురు నోరు నొక్కేస్తుంది. ఈ రకం మందుల్లో మొదటిది క్రిజోటినిబ్, అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది. తర్వాత అలెక్టినిబ్, లోర్లాటినిబ్ వచ్చాయి. రోగం పూర్తిగా పోయిందని కాదు. కొన్నాళ్ళకి మందుకి లొంగని కణాలు తయారవ్వచ్చు, అందుకే స్కాన్లు తప్పవు. కానీ పిన్ని ఇప్పుడు ఆయాసం లేకుండా మెట్లెక్కి డాబా మీద వడియాలు పెడుతోంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బని తెలిస్తే, మందులు మొదలుపెట్టేముందే డాక్టర్ని అడగండి: "ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 టెస్టులు చేశారా?" ఏ మందు పనిచేస్తుందో చెప్పేది ఆ చిన్న ముక్కే.