వేరు పొడే కదా అనుకున్నాను

అశ్వారావుపేటలో మాకు అడవి పక్కనే. ఒంట్లో ఏం బాగోలేకపోయినా ముందు ఆకో వేరో అడగడం అలవాటు. అడవి మందు మీద నాకు నమ్మకం నేటికీ ఉంది. కానీ దాన్ని వాడటంలో నేను చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదు.

ఏళ్ల తరబడి రైస్ మిల్లు మోతలో పనిచేశాను. నలభై దాటాక చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నట్టు హోరు మొదలైంది. పగలు పనుల్లో పడి తెలిసేది కాదు. రాత్రి ఊరు సద్దుమణిగాక అదొక్కటే వినపడేది. కంటి మీద కునుకుండేది కాదు.

ముందు వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయించుకున్నాను. హోరు తగ్గలేదు సరికదా, చెవి దిబ్బడేసింది. తర్వాత సంతలో సర్పగంధ వేరు పొడి కొని రోజూ పడుకోబోయే ముందు పాలతో వేసుకున్నాను. నోరంతా చేదు. నిద్ర మాత్రం పట్టింది. అప్పటికే బీపీ మాత్ర వాడుతున్నాను. ఆ సంగతి అమ్మినాయన అడగలేదు, నేను చెప్పలేదు. పొడి సంగతి డాక్టరుకూ చెప్పలేదు. ఒక తెల్లవారుజామున మంచం దిగబోతే కళ్లు తిరిగి గడప మీద పడ్డాను. నుదురు చిట్లింది. బీపీ బాగా పడిపోయిందన్నారు.

సర్పగంధ ఉత్త వేరు కాదు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగులకిచ్చి, 1949లో ఫలితాలు ప్రచురించారు. 1952లో వేరే శాస్త్రవేత్తలు అందులోంచి రిసర్పిన్ అనే బీపీ మందును వేరుచేశారు. మోతాదు మించితే అది మనసునూ కుంగదీస్తుంది. అంటే నేను రెండు బీపీ మందులు కలిపి మింగాను. పనిచేసే మందే హానీ చేయగలదని అప్పుడు తెలిసొచ్చింది.

చెవి సంగతి కూడా డాక్టరు చెబితేనే అర్థమైంది. పెద్ద చప్పుళ్లకు లోపలి చెవిలోని సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. తగ్గిన వినికిడిని పూడ్చుకోబోయి మెదడే ఆ హోరును పుట్టిస్తుంది. కర్ణభేరి అడ్డుండగా నూనె లోపలి చెవిదాకా పోదు. కర్ణభేరికి చిల్లుంటే మాత్రం లోపలికి దిగి చీము పట్టించవచ్చు. ఈ హోరును పూర్తిగా పోగొట్టే మాత్ర ఇంగ్లీషు వైద్యంలోనూ లేదు. వినికిడి మిషను పెట్టుకున్నాను, సాయంత్రం టీ మానేశాను, ఫ్యాను చప్పుడులో పడుకుంటున్నాను. హోరు ఉంది, కానీ నిద్ర పడుతోంది.

అడవి మందు వాడేవాళ్లు డాక్టరు దగ్గరికి ఆ పొట్లం కూడా పట్టుకెళ్లండి. నాటు వైద్యుడికి మీ మాత్రలు చూపించండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా, హోరు గుండె కొట్టుకున్నట్టు వస్తున్నా పసర్ల జోలికి పోకుండా ఆ రోజే చెవి డాక్టరును కలవండి.