నా జుట్టు – నా ఊగిసలాట

వార్షికోత్సవ సంచికకు తలా ఒక వ్యాసం రాయమని మా వార్డెన్ మేడం చెప్పగానే గదిలో అందరూ విషయాలు పంచేసుకున్నారు. ఒకరు నీటి పొదుపు, ఒకరు సెల్‌ఫోన్ లాభనష్టాలు, ఇంకొకరు అమ్మ ప్రేమ. నాకు ఏదీ మిగల్లేదు. "నెల రోజుల్నుంచి నీది ఆ జుట్టు గోలే కదా, అదే రాయి" అంది మా రూమ్మేటు. ఎగతాళికే అంది. కానీ నిజంగానే ఆ నెల నేను సెమిస్టర్ పరీక్షల కన్నా ఎక్కువ ఆలోచించింది దాని గురించే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

నా జుట్టు నడుం దాకా ఉండేది. కొలిస్తే రెండున్నర అడుగులు. దారం లాగి పట్టుకున్నట్టు తిన్నగా ఉంటుంది. క్లిప్పు పెడితే జారిపోతుంది. మా ఊళ్ళో అందరూ "జడంటే ఇదీ" అంటారు. నాకు మాత్రం అద్దంలో చూసుకున్నప్పుడల్లా తలకు అంటుకుపోయిన చీపురులా కనిపించేది. ఈ ఏడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. వార్షికోత్సవం నాటికి పర్మింగ్ చేయించుకుని, భుజాల మీద అలలు అలలుగా వదులుకుని స్టేజీ ఎక్కాలని కోరిక పుట్టింది. వేసవి సెలవుల్లో బట్టల షాపులో నిలబడి సంపాదించిన ఆరు వేలు బ్యాంకులో ఉన్నాయి. పీజీ ఎంట్రన్సు పుస్తకాలకని దాచినవి.

నేను కెమిస్ట్రీ విద్యార్థిని కాబట్టి ముందు పుస్తకాలు తిరగేశాను. వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్. అందులో గంధకం పరమాణువులు జంటలుగా ముడిపడి ఉంటాయి. వెంట్రుక కాలితే వచ్చే కంపు ఆ గంధకానిదే. ఆ ముడులు గట్టివి. రాత్రి తడి జుట్టుకు రెండు జడలు వేసుకుని పడుకుంటే పొద్దున్న అలలు రావడం మన హాస్టల్లో అందరికీ తెలుసు. అప్పుడు తెగి మళ్ళీ కలిసేవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు మాత్రమే. అందుకే నీళ్ళు తగలగానే అలలు పోతాయి. పర్మింగ్‌లో అమ్మోనియం థయోగ్లైకొలేట్ లాంటి మందు పెట్టి ఏకంగా గంధకం ముడులనే కొన్నింటిని విడగొడతారు. జుట్టును కడ్డీలకు చుట్టి కొత్త ఆకారం ఇచ్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముడులు మళ్ళీ వేస్తారు. ఇప్పుడు డిజిటల్ పర్మ్ అంటున్నది వేడి కడ్డీలతో చేసేది. పాత పద్ధతిలో ఉంగరాలు జుట్టు తడిగా ఉన్నప్పుడు బాగా కనిపిస్తాయి, ఇందులో ఆరాక కనిపిస్తాయి. ఏదైనా సరే, కుదుళ్ళ నుంచి కొత్తగా వచ్చే జుట్టు మాత్రం తిన్నగానే వస్తుంది.

ఇంతవరకూ సైన్సు. అసలు చిక్కు వేరే ఉంది.

ఆరో తరగతిలో నేను వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండేదాన్ని. తలల్లో పేలు పడ్డాయని ఒక ఆదివారం మమ్మల్ని పదహారు మందిని వరండాలో వరసగా కూర్చోబెట్టి చెవుల పైదాకా కత్తిరించేశారు. అడగలేదు, చెప్పలేదు. పేలున్న మాట నిజమే. మందు రాసి, వారం పది రోజులకు మళ్ళీ రాసి, పేల దువ్వెనతో దువ్వితే పోయేవి. అంతమందికి అంత ఓపిక ఎవరికుంటుంది? తర్వాతి ఆదివారం అమ్మ చూడ్డానికి వచ్చి, నా ఎదురుగా నిలబడి "మా పిల్ల ఏదమ్మా?" అని నన్నే అడిగింది. అది మాత్రం నేను మర్చిపోలేదు.

ఆ తర్వాత కత్తెర పడనివ్వలేదు. అప్పట్లో హైస్కూలు ఆడపిల్లలకు కాస్మెటిక్ చార్జీలు నెలకు 75 రూపాయలు. (2024లో 275 చేశారు, చెల్లెళ్ళూ, మీరు అదృష్టవంతులు.) అందులోనే సబ్బు, నూనె, షాంపూ ప్యాకెట్లు, రిబ్బన్లు. 2020 మార్చిలో కరోనాకు హాస్టళ్ళు మూసి ఇంటికి పంపినప్పుడు రోజూ సాయంత్రం అమ్మే దువ్వింది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో దాచేది. చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే బండివాడు వస్తే ఇవ్వడానికి. మా ఇంట్లో రెండు గిన్నెలు నా తలమీద నుంచి వచ్చినవే!

ఈ జడ అమ్మ గర్వం. కాబట్టి అడగకుండా చేయించుకోవడానికి మనసొప్పక ఫోన్ చేశాను.

"పర్మింగా? అదేంది బిడ్డా?"

"జుట్టు ఉంగరాలు తిరిగేట్టు చేస్తారమ్మా. ఆరేడు వేలవుతుంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకున్నట్టా?" అంది.

నాకు అర్థం కాలేదు. అమ్మ తలెప్పుడూ నూనె దట్టంగా పెట్టి, బిగించి ముడేసి ఉంటుంది. దాని మీద తువ్వాలు. మిరప కోతలకు పోయినా అంతే, పెళ్ళికి పోయినా అంతే.

"నాది పుట్టు ఉంగరాలే. చిన్నప్పుడు పిచ్చుక గూడు అనేటోళ్ళు. పనికి పోయినకాడ తల దువ్వుకోకుండ వచ్చినవా అని అడిగేటోళ్ళు. అందుకే బిగిచ్చి ముడేస్త. నీకు మీ నాయన జుట్టొచ్చిందని ఎంత సంబరపడ్డనో. ఇప్పుడు పైసలు పెట్టి నా జుట్టు కొనుక్కుంటవా?"

కోపంగా అనలేదు. నవ్వింది కూడా. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే వారం చదువుతుంటే ఒక సంగతి దొరికింది. చికాగోలో బ్యూటీపార్లర్ నడిపిన మార్జొరీ జాయినర్ అనే నల్లజాతి మహిళ 1928లో జుట్టుకు అలలు తెచ్చే యంత్రానికి పేటెంటు పొందారు. హక్కులు మాత్రం ఆవిడ పనిచేసే కంపెనీకి వెళ్ళాయి. పుట్టుకతో చుట్టలు తిరిగే జుట్టును చిన్నచూపు చూసిన దేశంలోనే తిన్నని జుట్టువాళ్ళు డబ్బిచ్చి అలలు పెట్టించుకున్నారన్నమాట. మా అమ్మ మాట అక్కడ కూడా ఎవరో ఒకరు అనే ఉంటారు.

అయినా కోరిక పోలేదు. నిజం చెప్పాలి కదా. డిసెంబరులో పరీక్షలు అయిపోయాక రూమ్మేటును తోడు తీసుకుని పార్లర్‌కు వెళ్ళాను. అక్కడి అక్క జుట్టు చేతిలోకి తీసుకుని ముందు అడిగిన ప్రశ్న, "ఇంతకుముందు ఏం పెట్టావు?" ఏమీ లేదన్నాను. ఆమె కొస పట్టుకుని నా మొహంలోకి చూసింది. అప్పుడు ఒప్పుకున్నాను. నెలకోసారి గోరింటాకు, ఫేర్‌వెల్ పార్టీకి ఒకసారి షాపులో కొన్న నల్ల హెన్నా ప్యాకెట్.

గోరింటాకు పొరలా పడితే మందు సమంగా లోపలికి పోదట. రంగు ప్యాకెట్లలో లోహ లవణాలుంటే పెరాక్సైడ్ తగిలినప్పుడు వేడెక్కి జుట్టు పాడయ్యే ప్రమాదముంది. ఈ సంగతి నాకు ల్యాబ్‌లోనే తట్టి ఉండాల్సింది. ఆమె మెడ వెనక నుంచి నాలుగు పోగులు కత్తిరించి మందు పెట్టి చూసింది. పైభాగం బాగానే చుట్ట తిరిగింది. కొసలు మాత్రం పీచులా లేచాయి. "కొసలు పాతవి. ఎనిమిది అంగుళాలు తీసేయాలి. ఆపైన చెయ్యమంటే చేస్తా" అంది.

జుట్టు నెలకు ఇంచుమించు సెంటీమీటరు పెరుగుతుంది. నా కొసలు కుదుళ్ళలోంచి బయటికొచ్చి ఆరేళ్ళు దాటి ఉంటుంది, అంటే లాక్‌డౌన్ నాటివి. అమ్మ సాయంత్రాలు దువ్వింది వాటినే.

కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. రూమ్మేటు రెండుసార్లు టైము చూసుకుంది. చివరికి "కత్తిరించండక్కా, పర్మింగ్ వద్దు" అన్నాను. పర్మింగ్ ఎప్పటికీ వద్దని కాదు. గోరింటాకు తగలని కొత్త జుట్టు వచ్చాక, నా జీతంతో, అప్పటికీ బుద్ధి పుడితే చేయించుకుంటాను. ఆ రోజు కత్తెర చప్పుడు వింటుంటే ఆరో తరగతి వరండా గుర్తొచ్చింది. కానీ ఏడుపు రాలేదు. ఎంత తియ్యాలో వేలు పెట్టి చూపించింది ఈసారి నేనే. 150 రూపాయలైంది. పుస్తకాలు కొనేశాను.

సంక్రాంతికి ఇంటికి వెళ్తే అమ్మ నా తల చూసి మొదట అడిగింది, "కోసిన జుట్టేది? తెచ్చినవా?" అని. పార్లర్‌లోనే వదిలేశానన్నాను. "ఒక గిన్నె పోయె" అని నొచ్చుకుంది.

భోగి నాడు కుంకుడుకాయలు కొట్టి తలంటు పోశాక, "అమ్మా, ఈ ఒక్క పూట నూనె పెట్టకు, ఆరబెట్టు" అని బతిమాలాను. నా పోరు పడలేక పెరట్లో ఎండలో కూర్చుంది. ఆరుతున్నకొద్దీ ఒక్కో పాయా పైకి లేచి చుట్టలు తిరిగింది. నెరిసినవి కూడా తిరిగాయి. పార్లర్ గోడ మీద బొమ్మలో చూసి నేను వేలు పెట్టి చూపించిన అలలు అచ్చం అవే. ఫోటో తీస్తానంటే వద్దని చేయి అడ్డం పెట్టింది. ఇంతలో పక్కింటి పెద్దమ్మ నిప్పుల కోసం వచ్చి నిలబడిపోయి, "ఏందే, నీకింత జుట్టుందా?" అంది.

అమ్మ చేయి ముడి వేసుకోవడానికి వెనక్కి వెళ్ళింది. కాసేపు అక్కడే ఆగింది. తర్వాత కిందికి దించి, "ఇంకా ఆరలే" అంది.