సరుకు ఎక్కడుంది?

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో వస్తువు పేరు పక్కన కనిపించే "లోకల్ స్టాక్", "ఇండియా స్టాక్", "రెడీ స్టాక్" అన్నవి విక్రేత రాసుకున్నవే. విక్రేత ఉండే ఊరు ఒకటి, సరుకు ఉన్న ఊరు ఇంకొకటి, అది తయారైన ఊరు మరొకటి కావచ్చు. సూరత్ చీరల వ్యాపారికి కొట్టూ మగ్గాలూ అక్కడే ఉన్నా, చీరల మూటలు ముందే హైదరాబాద్ శివారు గోదాముకు చేరి ఉండొచ్చు. అతను లోకల్ స్టాక్ అంటే నిజమే. బేగంబజార్ చిరునామా పెట్టుకుని, ఆర్డరు పడ్డాకే ఢిల్లీ నుంచి తెప్పించేవాడూ అదే రాస్తాడు. వాడి దగ్గర ఉండేదల్లా సరుకు ఫొటో.

స్టాక్ అంకె కూడా చాలావరకు విక్రేత ఎక్కించిందే. ఒకే కుక్కర్‌ను కొట్లోనూ రెండు సైట్లలోనూ పెట్టిన వ్యాపారి, కొట్లో అమ్ముడుపోయాక సైట్లో తీసేయడం మరిచిపోతే ఆర్డరు రద్దవుతుంది. "ఇంకా రెండే మిగిలాయి" అంటూ లేనిపోని తొందర పెట్టడం మాత్రం మతిమరుపు కాదు. 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను ఏమార్చే ఎత్తుల) మార్గదర్శకాల్లోని 13 పద్ధతుల్లో అదొకటి.

కొనకముందు దొరికే మంచి ఆనవాలు పిన్‌కోడ్. అది కొట్టగానే రేపో ఎల్లుండో వస్తుందంటే సరుకు దగ్గర్లో ఉన్నట్టే. లోకల్ స్టాక్ అని రాసి డెలివరీకి మూడు వారాలు అడిగితే నమ్మాల్సింది తేదీనే.

అసలు సాక్ష్యం బిల్లు, కాకపోతే అది డబ్బు కట్టాక వస్తుంది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, గుజరాత్‌కు 24. సూరత్ వ్యాపారి హైదరాబాద్ గోదాములో చీరలు పెట్టి అమ్మాలంటే తెలంగాణలో వేరుగా రిజిస్టర్ కావాలి, అందుకే ఆ బిల్లు మీద 36 ఉంటుంది. ఆ చీర వరంగల్‌కు వస్తే 5 శాతం పన్ను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండున్నర చొప్పున విడిపోతుంది. సూరత్ నుంచి నేరుగా వస్తే ఐజీఎస్టీ అన్న ఒక్క వరుసే. అయితే ఇది చెప్పేది రాష్ట్రాన్నే, దూరాన్ని కాదు. హైదరాబాద్ గోదాము నుంచి విజయవాడకు వెళ్లినా పడేది ఐజీఎస్టీయే.

విదేశీ కెమెరా లెన్సుకు "ఇండియా స్టాక్" అని రాస్తే, అది దేశంలో ఉందనే తప్ప కంపెనీ దారిన వచ్చిందని కాదు. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, రూపాయల్లో ఎమ్మార్పీ ఉండాలి. ఆ స్టిక్కర్ లేని సరుకు గ్రే మార్కెట్‌ది అయ్యుండొచ్చు. అలాంటివాటికి చాలా కంపెనీలు ఇక్కడ వారంటీ ఇవ్వవు. ధర తక్కువెందుకో అక్కడే అర్థమవుతుంది. పోస్టులో వచ్చే పార్సిలైతే ట్రాకింగ్ నంబరు చివరి రెండక్షరాలు చూడాలి: ఐఎన్ అయితే భారత్‌లో బుక్కయింది, సీఎన్ అయితే చైనాలో.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మార్కెట్‌ప్లేస్ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వస్తువు పేజీ స్క్రీన్‌షాట్ మాత్రం ఆర్డరు పెట్టిన రోజే తీసి ఉంచుకోవాలి, విక్రేత ఆ రాతను తర్వాత మార్చేయగలడు.