వెదురు పిచ్చుక

తెలుగు పండిత శిక్షణలో మాకు పక్షులు చాలానే తారసపడ్డాయి. నీటినుండి పాలను వేరుచేసే హంస, వెన్నెల తాగి బతికే చకోరం, వానచినుకు తప్ప మరో నీరు ముట్టని చాతకం. ముప్పై ఏళ్ళకు పైగా నేనూ పిల్లలకు వీటినే బోధించాను. కవిసమయాలుగా అవి రమణీయమైనవే, వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని మన ప్రాంతపు మనుషులు కళ్ళారా చూసి, అది తినే తిండిని గమనించి, దానినిబట్టి పేరు పెట్టుకున్న ఒక చిన్న పిట్టను గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. దాని పేరు వెదురు పిచ్చుక.

ఈ పేరు నాకు ఏ కావ్యంలోనూ దొరకలేదు. ఒక ఆంగ్ల గ్రంథంలో దొరికింది. థామస్ జెర్డన్ అనే వైద్యుడు మద్రాసు సైన్యంలో పనిచేస్తూ కొంతకాలం నెల్లూరులో ఉన్నాడు. 1862-64 మధ్య వెలువడిన తన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’ సంపుటాలలో ఆయన చాలా పక్షులకు దేశభాషల పేర్లు కూడా పొందుపరిచాడు. కామన్ రోజ్‌ఫించ్ అనే పిట్ట దగ్గర హిందుస్తానీలో ‘తూతి’ అనీ, తెలుగులో ‘యెద్రు పిచ్చికె’ అనీ రాసి, వెదురు పిచ్చుక అని దానికి అర్థం చెప్పాడు. దక్షిణదేశంలో తనకది ఎక్కువగా వెదురు అడవుల్లో, వెదురు గింజలు తింటూ కనిపించిందని కూడా రాశాడు. మా వైపు పల్లెల్లో వెదురును ‘ఎదురు’ అనే పలుకుతారు. కనుక ఆ ఆంగ్లాక్షరాల వెనుక ఉన్న మనిషి గొంతు నాకు వెంటనే వినిపించింది.

పిట్ట పరిమాణం ఊరపిచ్చుకంత. మగదానికి తల, గొంతు, రొమ్ము ఎర్రగా ఉంటాయి. ఆడది గోధుమ వన్నెలో, రొమ్ముమీద సన్నని చారలతో ఉంటుంది. గింజను చిట్లించడానికి అనువైన పొట్టి, లావు ముక్కు. దీని పుట్టిల్లు మన నేల కాదు. హిమాలయాల్లో మూడు వేల మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ, చెట్లు పలచబడి పొదలు మిగిలే చోట గూడు కడుతుంది. ఆ పైన మధ్య ఆసియా, సైబీరియాల దాకా దీని సంతానభూములే. చలికాలానికి కొండలు దిగి దక్కను వరకూ వస్తుంది, ఆ తర్వాత వెళ్ళిపోతుంది. జొన్నచేలు, గడ్డిగింజలు, చిన్న చిన్న పండ్లు దీనికి ఇక్కడి ఆహారం. చలికాలపు అతిథికి కూడా ఇంటివాళ్ళు తమ పేరు ఒకటి పెట్టుకున్నారన్నమాట.

ఆ పేరులోని విశేషం వెదురు సంగతి తెలిస్తేగాని బోధపడదు. వెదురు ఏటేటా పూయదు. కొన్ని దశాబ్దాలకొకసారి, ఒక ప్రాంతంలోని పొదలన్నీ దాదాపు ఒక్కసారే పూసి, గింజ రాల్చి, ఎండిపోతాయి. ఆ గింజలే వెదురు బియ్యం. చెంచులు వాటిని ఏరి తెచ్చి వండుకునేవారు. మరి వెదురు గింజలు తినే పిట్టను చూడాలంటే, సరిగ్గా ఆ ఏడు, ఆ అడవిలో, ఆ పొదల కింద మనిషి ఉండాలి. ఒక మనిషి జీవితంలో ఒకటి రెండు సార్లు మాత్రమే కనిపించే దృశ్యం అది. అది పేరుగా నిలవాలంటే తాత చూసినదాన్ని మనవడికి చెప్పి ఉండాలి. ‘రోజ్‌ఫించ్’ అన్న మాట మగపిట్ట రంగు ఒక్కటే చెబుతుంది. మన మాటలో తరాల అరణ్యవాసం ఉంది.

మన వెదురు అడవి అంటే అమ్రాబాద్ పీఠభూమి. మునుపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దక్షిణంగా కూడా ఆ నల్లమల అంచు తగులుతుంది. 1931-32లో నిజాం రాజ్యపు పక్షులను పరిశీలించిన సాలిం అలీ ఇక్కడి ఫరహాబాదులో విడిది చేశారు. ఇప్పుడిది పులుల అభయారణ్యం. ఈ నేలలో యురేనియం వెదకాలన్న ప్రతిపాదనను ప్రజలు ఎదిరించగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆనాడు అందరూ పులిని గురించి, కృష్ణ నీటిని గురించి మాట్లాడారు. మాట్లాడవలసిందే. నాకు మాత్రం ఈ పిట్ట పేరు కూడా మనసులో మెదిలింది.

ఆ తర్వాత ఒక చలికాలం నా పూర్వ విద్యార్థి వెంట మన్ననూరు వెళ్ళి, ఒక చెంచు వృద్ధుణ్ణి అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “పేరు యాదికొస్తలేదు సారూ. ఎర్రతలకాయ పిట్ట. నా చిన్నప్పుడు ఎదురు పూసినప్పుడు గుంపులు గుంపులుగ వాలేటియి. మేం కింద ఏరుతుంటె అవి పైన తింటుండె” అన్నాడు.

పిట్ట ఉంది, వెదురు ఉంది, చూసిన కన్ను ఉంది. వాటిని ఒక్కటిగా కట్టిన మాట మాత్రం నూట అరవై ఏళ్ళనాటి ఆంగ్ల గ్రంథంలో మిగిలింది. మళ్ళీ వెదురు పూసేనాటికి ఆ వృద్ధుడు ఉండడు, బహుశా నేనూ ఉండను.

అచ్చంపేట, కొల్లాపురం, దేవరకొండ ప్రాంతాల చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో పెద్దలుంటే ఈ ఎర్రతల పిట్టను ఏమని పిలిచేవారో అడగండి. వాళ్ళ నోట ఏ మాట వస్తే ఆ మాటనే, సంస్కరించకుండా, రాసి ఉంచండి. హంసను, చకోరాన్ని కావ్యాలు కాపాడుకుంటాయి. ఈ పిచ్చుకకు మనం తప్ప వేరే దిక్కు లేదు.