మూడు పిల్లులు, ఒక మేకపిల్ల

మొన్న మా మనుమరాలు ఒక పాత నలుపుతెలుపు ఛాయాచిత్రం చూపి, "తాతయ్యా, ఇందులో నేలను తాకిన వస్తువేదో చెప్పు" అన్నది. వెదికాను. కుర్చీ గాలిలోనే, చిత్రపటాలు గాలిలోనే. నీరు వంపు తిరిగి ఎగురుతున్నది. మూడు పిల్లులు ఆ నీటితోబాటు తేలుతున్నాయి. కుంచె పట్టిన మీసాల చిత్రకారుడు ఎగిరి నిలిచాడు. "ఇది కంప్యూటరు మాయ" అని తేల్చేశాను. "1948 నాటిది తాతయ్యా!" అని నవ్వింది.

ఆ చిత్రం పేరు 'డాలీ అటామికస్'. తీసినవారు ఫిలిప్ హాల్స్‌మన్, ఎగిరినవారు సాల్వడార్ డాలీ. పరమాణువులో కణాలు ఒకదానినొకటి తాకకుండా నిలుస్తాయన్న ఊహ డాలీని ఆవహించిన కాలమది. చిత్రపటాలను సన్నని తీగలతో వేలాడదీశారు. కుర్చీని హాల్స్‌మన్ భార్య చేతితో ఎత్తి పట్టుకొన్నారు. మూడు అనగానే సహాయకులు పిల్లులనూ, నీటినీ విసరాలి. నాలుగు అనగానే డాలీ ఎగరాలి. పిదప ఫిలిం కడిగి చూడటం, నేల తుడవటం, మళ్ళీ మొదలు. అలా 28 మార్లు, సుమారు 6 గంటలు! తడిసిన పిల్లులను పట్టి తుడిచే పని హాల్స్‌మన్ కూతురిది.

ఉన్నదానిని మించి చెప్పుట అతిశయోక్తి అనీ, ఉన్నదున్నట్లు చెప్పుట స్వభావోక్తి అనీ ముప్పది యేండ్లు పాఠం చెప్పినవాడిని. ఈ చిత్రాన్ని అతిశయోక్తి అనుకొన్నాను. తీగలు కనబడకుండా చేసిన మాట నిజమే. కాని డాలీ నిజంగా ఎగిరాడు, పిల్లులూ నిజంగానే ఎగిరాయి. అయితే డాలీ తానై ఎగిరాడు, పిల్లులను మాత్రం ఎగురవేశారు. వాటి బెదురు అచ్చమైన స్వభావోక్తి.

అది చూడగానే నా పెట్టెలోని మరొక నలుపుతెలుపు చిత్రం గుర్తుకు వచ్చింది. 1986లో మా బడి వార్షికోత్సవానికి శకుంతల నాటకం ఆడించాను. లేడిపిల్ల ఎక్కడ దొరుకుతుంది? ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు తాను పెంచుకొంటున్న మేకపిల్లను తెచ్చాడు. ఒంటినిండా సున్నపు చుక్కలు పెట్టించాను. ఫ్లాష్ వెలగగానే అది బెదిరి వేదికపైనుండి దూకింది. ముందుకాలు విరిగింది. పిల్లవాడు దానిని ఒడిలో పెట్టుకొని ఏడుస్తూ కూర్చున్నాడు. నేను వాని వద్దకు పోలేదు. ఫొటోగ్రాఫరును, "బాగా వచ్చిందా?" అని అడిగాను.

బాగానే వచ్చింది. ఇన్నేండ్లూ వచ్చినవారికెల్లా చూపి మురిసిపోయాను. శకుంతల నగలు చూచాను, ఆశ్రమం తెర చూచాను, మేకపిల్ల కన్నులు చూడలేదు. నిన్న చూచాను.

న్యూయార్కులో పిల్లులను తుడిచినది ఒక పసిపిల్ల. మా ఊళ్ళో మేకకాలికి కట్టు కట్టినవాడూ ఒక పసివాడే. పెద్దలమంతా కళాపోషణలో ఉన్నాము.

వాడిప్పుడు ఏ ఊరిలో ఉన్నాడో విచారిస్తున్నాను, మిత్రులారా. కనబడితే అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఆనాడే అడగవలసినది: "నాయనా, మేకపిల్ల ఎట్లా ఉంది?"