సీదా, ఉల్టా

ఫిబ్రవరి 11, ఎడపల్లి

పెండ్లి కార్డుల పని మొదలైంది. నిజామాబాద్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్సుకు పంపేవన్నీ బటర్ పేపర్ మీద మిర్రర్ ప్రింట్లే. కొత్తగా పనికి వచ్చిన పిల్లవాడు ఎందుకట్లా అని అడిగాడు. మంచి ప్రశ్న. టోనర్ ఉన్న ముఖమే ప్లేటును తాకాలి. లేకుంటే కాగితం మందంలో వెలుతురు పక్కలకు పాకి సన్నగీతల్ని తినేస్తుంది. ఉల్టా ప్రింటును బోర్లా పరిస్తే ప్లేటు మీద సీదా పడుతుంది, రబ్బరు బ్లాంకెట్ మీద ఉల్టా, కార్డు మీద మళ్లీ సీదా. స్క్రీన్ ప్రింటింగ్‌కైతే మిర్రర్ వద్దు. టోనర్ ముఖం పైకి పెట్టి దాని మీదే స్క్రీన్‌ను ఆనిస్తారు కదా. మధ్యలో ఎన్నిసార్లు తిరగబడుతుందో ముందు లెక్క చూసుకోమన్నాను.

ఫిబ్రవరి 14

ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఉర్దూ షాదీ కార్డు. ఉర్దూ రానివాళ్ల చేతిలో మిర్రర్ ప్రింటు ప్రమాదం. తిరగబడ్డ ఉర్దూ ఎడమ నుంచి మొదలైనట్టు కనపడుతుంది, తెలుగు చదివే కంటికి అదే సీదా అనిపిస్తుంది. అందుకే కటింగ్ గీత బయట తెలుగులో ‘సీదా’ అని పెడుతున్నాను. ప్లేటు మీద ఆ మాట సరిగ్గా చదవగలిగితే కార్డంతా సరే. బోధన్ వైపు తెలుగు, ఉర్దూ, మరాఠీ కార్డులు మూడూ అచ్చవుతాయి. మూడూ చదవగల మనిషి ప్రతి ప్రెస్సులో ఉండాలి. పెండ్లికూతురి పేరు ఏ లిపిలో ఉన్నా అంతే శ్రద్ధగా అచ్చవ్వాలి.

ఫిబ్రవరి 20

శక్కర్‌నగర్ చక్కెర కార్ఖానాలో పనిచేసిన పెద్దబాపు పాత బ్లూప్రింటు తెచ్చాడు. నీలం మీద తెల్లగీతలు, మిల్లు హౌజ్ నక్షా. “జిరాక్స్ తీస్తే అంత నల్లగనే వస్తున్నది బిడ్డా, గీతలు కనవడుతలెవ్వు” అన్నాడు.

ఆ కాగితం పుట్టుకలోనే నెగెటివ్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. ఇనుప లవణాలు పూసిన కాగితం మీద ట్రేసింగ్ పరిచి ఎండ చూపిస్తే, వెలుతురు తగిలినచోట నీలం తిరుగుతుంది. గీతల నీడలో ఉన్న మందు నీళ్లలో కడుక్కుపోయి తెలుపు మిగులుతుంది.

ముక్కలుగా స్కాన్ చేసి అతికించాను. రంగులతోనే నెగెటివ్ చేస్తే నీలం పసుపైపోతుంది. ముందు నలుపు తెలుపు చేసి, తర్వాత తిప్పాలి. తెల్ల కాగితం మీద నల్లగీతలు వచ్చాయి. పెద్దబాపు వేలుపెట్టి ఒక్కొక్క రోలరూ చూపించాడు. “గీడనే నా డ్యూటీ.” 1937లో మొదలుపెట్టిన కార్ఖానా 2015 డిసెంబరులో మూతపడింది. ఆ యంత్రాల వరుస నోటితో చెప్పగలవాళ్లు ఇంకా మన ఊళ్లల్లో ఉన్నారు. వాళ్లు ఉండగానే నక్షాల మీద పేర్లు రాయించాలి.

అసలు కాగితం ఎండలో పెట్టొద్దు, నీలం వెలిసిపోతుంది, సున్నం గోడకు అతికించొద్దు అని చెప్పాను. ఇంట్లో ఇంకా కొన్ని తావులున్నాయట. వాటినీ తెమ్మన్నాను, పైసలు వద్దన్నాను.